వోల్టు మీద గమకం

1940 మార్చి ఒకటో తేదీ నుంచి ఆలిండియా రేడియో హార్మోనియానికి తలుపులు మూసేసింది. మెట్లకు కట్టుబడిన స్వరం గమకం పలకదనీ, సమాన దూరాల్లో అమర్చిన శ్రుతి మన రాగాలకు పొసగదనీ అప్పటి విమర్శకుల వాదన. 1971 దాకా ఆ నిషేధం సడలలేదు. రేడియోలో చోటు పోయినా గోదావరి జిల్లాల్లో మాత్రం హార్మోనియం ఏలుబడి తగ్గలేదు. పద్యనాటకంలో నటుడు రాగం ఎత్తుకోవాలంటే పక్కన హార్మోనియం ఉండాల్సిందే. భజన మందిరాల్లోనూ అదే తోడు. తర్వాత్తర్వాత దాని పక్కకి ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చి చేరింది. కోనసీమలో ముమ్మిడివరం, అమలాపురం చుట్టుపక్కల పెళ్లి పందిళ్లలో, చర్చిల్లో ఇప్పుడు ఎక్కువగా వినపడేది దాని నాదమే.

వాద్యం మారింది కానీ చిక్కు అలాగే ఉంది. కీబోర్డులో ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి, భాగానికొక మెట్టు ఇచ్చారు. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఉన్న నాదం వేలికి అందదు. పిచ్ బెండ్ చక్రం తిప్పి గమకం సాధించే ఘనులు ఉన్నారు. అయితే రెండో చెయ్యి ఇక దానికే అంకితమైపోతుంది.

ఇలాంటి ఇబ్బందినే వశిష్ఠ గోదావరికి ఆవల, పాలకొల్లులో 1969లో పుట్టిన కళాకారుడొకరు విద్యుత్తు సాయంతో దాటారు. ఆయన మాండొలిన్ శ్రీనివాస్. మామూలు మాండొలిన్‌కు జంట తీగలుంటాయి. మీటిన నాదం ఎక్కువసేపు నిలవదు. ఆయన ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, జంటల బదులు ఐదు ఒంటి తీగలతో వాయించారు. నాదం నిలిచింది. నిలిచిన నాదం మీద గమకానికి చోటు దొరికింది.

అనలాగ్ సింథసైజర్‌లో ఆ తీగలు కూడా ఉండవు. స్వరం ఎంత ఎత్తున పలకాలో ఒక వోల్టేజీ నిర్ణయిస్తుంది. వోల్టేజీ ఎక్కడైనా ఆగగలదు, ఎలాగైనా జారగలదు. తయారై వచ్చిన వాద్యాన్ని కొనుక్కుని వాయించేవాళ్లు చాలామంది. కిట్ తెప్పించుకుని సొంతంగా సోల్డరింగ్ చేసి కట్టుకున్నవాళ్లకు ఇంకొక లాభం ఉంది. గమకం ఏ వైరు చివర పుడుతుందో, శ్రుతి ఏ విడిభాగం దగ్గర తప్పుతుందో వాళ్లు వేలు పెట్టి చూపించగలరు.

తీగ లేని నాదం

కిట్ విప్పితే అరచేయంత సర్క్యూట్ బోర్డు, రంగు గీతల రెసిస్టర్లు, కెపాసిటర్లు, నల్లటి ఐసీలు, తిప్పే పొటెన్షియోమీటర్లు, 3.5 మిల్లీమీటర్ల జాకులు బయటికొస్తాయి. వీటితో ముందుగా కట్టేది ఆసిలేటర్‌ను. అందులో ఒక కెపాసిటర్‌లోకి కరెంటు సన్నగా చేరుతూ ఉంటుంది, దాని వోల్టేజీ నిలకడగా పెరుగుతుంది. నిర్ణయించిన హద్దు చేరగానే ఒక ట్రాన్సిస్టరు తెరుచుకుని, చేరిందంతా ఒక్క ఉదుటున ఖాళీ చేస్తుంది. మళ్లీ నింపుడు మొదలవుతుంది. ఏతం బాన నిండటం, కుమ్మరించటం, తిరిగి నిండటం లాంటి పనే ఇది, కాకపోతే సెకనుకు వందలసార్లు జరుగుతుంది. 240 సార్లు జరిగితే స్పీకరులో 240 హెర్ట్జ్ నాదం, అంటే ఒకటి శ్రుతికి కాస్త దిగువన ఉండే షడ్జమం వినిపిస్తుంది.

మెల్లగా ఎక్కి ఠక్కున పడిపోయే ఈ ఆకారాన్ని రంపపు తరంగం అంటారు. 240 హెర్ట్జ్ దగ్గర పలికే రంపపు తరంగంలో 240 ఒక్కటే ఉండదు. 480, 720, 960 ఇలా అన్ని గుణిజాలూ ఉంటాయి. రెండోది మొదటిదానిలో సగం బలంతో, మూడోది మూడో వంతు బలంతో పలుకుతుంది. చతురస్ర తరంగంలో 240, 720, 1200 లాంటి బేసి గుణిజాలు మాత్రమే ఉంటాయి. అందుకే దాని గొంతు బోలుగా వినిపిస్తుంది. ఈ అనుస్వరాల పొందికే వీణకూ సన్నాయికీ తేడా తెచ్చే ముఖ్య కారణాల్లో ఒకటి. చర్మవాద్యాల్లో సాధారణంగా అనుస్వరాలు ఇలా గుణిజాల వరసలో పలకవు. మృదంగం మాత్రం నల్లటి కరణి వల్ల పలికిస్తుందని సి.వి. రామన్ 1920లో 'నేచర్' పత్రికలో రాశారు.

బోర్డు మీద పని ఎత్తు తక్కువ భాగాలతో మొదలవుతుంది. ముందు రెసిస్టర్లు, డయోడ్లు, తర్వాత ఐసీ సాకెట్లు, కెపాసిటర్లు, చివరికి పొటెన్షియోమీటర్లు. గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు గీతల తర్వాత మళ్లీ గోధుమ గీత ఉంటే అది ఒక శాతం ఖచ్చితత్వం గల 10 కిలోఓమ్ రెసిస్టరు. నాలుగో గీత ఎరుపు కాక నారింజ అయితే 100 కిలోఓమ్. ట్యూబులైటు వెలుగులో ఎరుపూ నారింజా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ప్రతి రెసిస్టరునూ మల్టీమీటర్‌తో కొలిచాకే దూర్చాలి.

సోల్డరింగ్ ఐరన్ మొన ఒకేసారి బోర్డు మీది రాగి వలయాన్నీ, రెసిస్టరు కాలినీ తాకాలి. రెండు సెకన్లు రెండూ వేడెక్కాక సోల్డరు తీగను అవతలి వైపు నుంచి అందించాలి. తగరం, సీసం 60:40 పాళ్లలో కలిసిన సోల్డరు 183 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలై 190కల్లా పూర్తిగా కరుగుతుంది. అది కాలి చుట్టూ పాకి, చిన్న శంఖువులా నిలిచి తళతళలాడుతుంది. ముందు తీగ, తర్వాత ఐరన్ తీయాలి, గట్టిపడేదాకా బోర్డు కదలకూడదు. ఐరన్ మొన మీదే సోల్డరు కరిగించి అతికిస్తే అది ఉండలా నిలుస్తుంది, లోపల పట్టు ఉండదు. రేడియో మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దీన్నే. వారం పలికి ఎనిమిదో రోజు మూగబోయే వాద్యాల్లో ముందుగా వెతకాల్సింది ఇలాంటి అతుకుల్నే.

ఐసీలను అన్నింటికన్నా చివర పెట్టాలి. సాకెట్లు ఖాళీగా ఉండగానే కరెంటు ఇచ్చి వోల్టేజీ చూసుకోవాలి. ఎక్కువ కిట్లలో కనిపించే టీఎల్072 ఐసీకి ఎనిమిదో కాలి దగ్గర ప్లస్ 12, నాలుగో కాలి దగ్గర మైనస్ 12 వోల్టులు రావాలి. తారుమారైతే ఐసీ క్షణంలో కాలిపోతుంది.

ఒక వోల్టు, ఒక స్థాయి

సింథసైజర్ మాడ్యూళ్లు రూపొందించిన రాబర్ట్ మోగ్ 1960లలో వాడుకలోకి తెచ్చిన కొలమానమే ఇప్పటికీ ఎక్కువ అనలాగ్ కిట్లలో నడుస్తోంది. వోల్టేజీ ఒక వోల్టు పెరిగితే నాదం ఒక స్థాయి పైకి వెళ్తుంది. 240 హెర్ట్జ్ షడ్జమానికి ఒక వోల్టు కలిపితే 480, ఇంకొకటి కలిపితే 960. వోల్టేజీని కూడుతూ పోతే నాదం రెట్టింపవుతూ పోతుందన్న మాట. కీబోర్డు లెక్కలో ఒక స్థాయికి పన్నెండు మెట్లు కాబట్టి మెట్టుకు 83.3 మిల్లీవోల్టులు.

ఇక్కడే మన సంగీతానికి పనికొచ్చే లెక్క ఉంది. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళలో ఉండేది అంతర గాంధారం. తంబురా షడ్జమపు తీగను మీటితే సన్నగా తనంతట తానే వినిపించే స్వయంభూ గాంధారానికి శ్రుతి కలిపితే, అది షడ్జమానికి ఒకటింబావు రెట్లు ఉంటుంది. 240కి 300 హెర్ట్జ్. కీబోర్డు మెట్టు మీద అదే గాంధారం 302.4 దగ్గర పలుకుతుంది. వోల్టేజీలో చెప్పాలంటే శుద్ధమైన గాంధారానికి 0.322 వోల్టులు కావాలి, మెట్టు ఇచ్చేది 0.333. తేడా 11 మిల్లీవోల్టులే అయినా చెవి పట్టేస్తుంది. తంబురాలోని ఐదో అనుస్వరం 1200 దగ్గర, కీబోర్డు గాంధారపు నాలుగో అనుస్వరం 1209.5 దగ్గర ఉండి, రెండూ కలిసినప్పుడు నాదం సెకనుకు తొమ్మిది పదిసార్లు అదురుతుంది. పంచమం దగ్గర ఈ పేచీ దాదాపు లేదు. అక్కడ తేడా 1.6 మిల్లీవోల్టులు మాత్రమే. కిట్ కట్టినవాళ్లకు గాంధారాన్ని సరిచేయటం పెద్ద పని కాదు. పలుమార్లు తిరిగే సన్నటి ట్రిమ్మర్‌ను స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ, అదురు ఆగినచోట వదిలేస్తే చాలు.

జారు గమకం ఇంకా తేలిక. మెట్టు నుంచి వచ్చే వోల్టేజీకి దారిలో ఒక మెగాఓమ్ పొటెన్షియోమీటర్, దాని వెనక ఒక మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే స్వరం గెంతకుండా జారుతుంది. నాబ్ ఒక కొసన ఉంటే తక్షణం, రెండో కొసన ఉంటే సుమారు సెకను పాటు సాగుతుంది. కంపితం కోసం సెకనుకు నాలుగైదుసార్లు ఊగే మరో ఆసిలేటర్‌ను వోల్టేజీకి కలపవచ్చు. అయితే తోడిలో గాంధారం అంత లెక్కగా ఊగదు. గాయకుడు ప్రతి ఊపునూ వేరుగా మలుస్తాడు. మోగ్ వాద్యాల్లో మెట్లతోపాటు వేలితో రాసే రిబ్బన్ కంట్రోలర్‌కూ చోటుండేది. అందుకని మన రాగాలకు కిట్ కట్టేవాళ్లు నాలుగు మెట్లు తగ్గినా సరే, రిబ్బన్ ఒకటి పెట్టుకోవాలి.

ఎండ, తేమ, ట్రాన్సిస్టరు

వోల్టేజీని కూడితే నాదం రెట్టింపయ్యే సదుపాయం ట్రాన్సిస్టరు స్వభావం నుంచి వచ్చింది. దాని బేస్, ఎమిటర్ల మధ్య వోల్టేజీ 18 మిల్లీవోల్టులు పెరిగితే చాలు, ప్రవహించే కరెంటు రెట్టింపవుతుంది. చిక్కల్లా ఆ 18 అన్న అంకె ఉష్ణోగ్రతను బట్టి మారటమే. డిగ్రీకి సుమారు 0.33 శాతం చొప్పున పెరుగుతుంది. తెల్లవారుజామున శ్రుతి చేసిన వాద్యం మధ్యాహ్నానికి పది డిగ్రీలు వేడెక్కిందనుకుందాం. ఆధార స్వరానికి ఒక స్థాయి దూరంలో నాదం దాదాపు అర మెట్టు, మూడు స్థాయిల దూరంలో మెట్టుకు పైగా తప్పుతుంది. 1970లో వచ్చిన మినీమోగ్ తొలి నమూనాలు కూడా ఇలా శ్రుతి జారేవే. అందుకే తర్వాత దాని ఆసిలేటర్ బోర్డును మార్చారు.

మందు సర్క్యూట్లోనే ఉంది. ఒకే లక్షణాలున్న రెండు ట్రాన్సిస్టర్లను వీపు వీపు ఆనించి కట్టి, వాటి మీద డిగ్రీకి 0.33 శాతం నిరోధం పెరిగే ప్రత్యేక రెసిస్టరును అతికిస్తారు. జంట ట్రాన్సిస్టర్లు ఒకదాని తప్పును మరొకటి కొట్టేస్తాయి, మిగిలిన తప్పును రెసిస్టరు సరిచేస్తుంది. జంట కుదర్చడానికి పది ఇరవై బీసీ547 ట్రాన్సిస్టర్లు తీసుకుని, ఒకే కరెంటు ఇచ్చి, ఒక్కోదాని వోల్టేజీని మల్టీమీటర్‌తో చూడాలి. ఈ పని చేసేటప్పుడు ట్రాన్సిస్టరును వేళ్లతో పట్టుకోకూడదు. పట్టుకుంటే డిగ్రీ వేడికి రెండు మిల్లీవోల్టుల చొప్పున అంకె కళ్ల ముందే దిగిపోతుంది. బడిలో ట్రాన్సిస్టరు పాఠం చెప్పే మాస్టారికి ఇంతకన్నా చవకైన ప్రయోగం దొరకదు.

కోనసీమలో వేడికి తోడు తేమ. మూడు వైపులా గోదావరి పాయలు, కాలవలు, పక్కనే సముద్రం. సోల్డరింగ్ చేశాక బోర్డు మీద మిగిలే ఫ్లక్స్ జిగురు తేమను పీల్చుకుని, ఉప్పు గాలి తోడైతే సన్నటి దొంగదారి తెరుస్తుంది. వదిలేసిన మెట్టు స్వరాన్ని గుర్తుపెట్టుకోవటానికి కొన్ని సర్క్యూట్లలో 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంటుంది. దాన్నుంచి ఒక్క నానోఆంపియర్ కారినా సెకనుకు పది మిల్లీవోల్టులు పడిపోతాయి. ఎనిమిది సెకన్లు నిలిపితే స్వరం ఒక మెట్టు దిగిపోతుంది. పని పూర్తయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ పట్టుకుని బోర్డు వెనక వైపు రుద్ది కడగాలి. చాలామంది ఈ పని ఎగ్గొడతారు. తీర ప్రాంతంలో ఎగ్గొట్టకూడని పని ఇదే.

నాదానికి రూపం

ఆసిలేటర్ నాదం వట్టిగా వింటే కరుకుగా ఉంటుంది. అందులోంచి అక్కర్లేని అనుస్వరాలను వడకట్టేది ఫిల్టరు. మోగ్ రూపొందించి, 1969లో పేటెంటు పొందిన ఫిల్టరులో ట్రాన్సిస్టరు జతలు నాలుగు అంతస్తులుగా ఉంటాయి. హద్దు దాటిన అనుస్వరాలు స్థాయికి 24 డెసిబెల్స్ చొప్పున తగ్గిపోతాయి. హద్దును కూడా వోల్టేజీతోనే జరపవచ్చు. దాన్ని మెల్లగా పైకి జరుపుతుంటే మూసిన నోటితో పలికే 'ఊ' క్రమంగా 'ఆ' వైపు తెరుచుకుంటున్నట్టు వినిపిస్తుంది. మన నోరు చేసేదీ ఇలాంటి వడపోతే. స్వరతంత్రుల్లో పుట్టిన నాదంలో ఏ అనుస్వరాలను పెంచాలో నాలుక, పెదవులు నిర్ణయిస్తాయి.

స్వరం ఎలా పుట్టి ఎలా అణగాలో చెప్పే భాగం ఎన్వలప్. వీణ మీటగానే పుట్టి తగ్గుతూ పోతుంది. సన్నాయి ఊపిరి ఉన్నంతసేపూ నిలుస్తుంది. నాలుగు నాబ్‌లతో ఈ రెండు స్వభావాలనూ రాబట్టవచ్చు. ఎక్కే వేగం, దిగే వేగం, నిలిచే మట్టం, వదిలాక తగ్గే వేగం. కెపాసిటర్‌ను నింపటం, ఖాళీ చేయటం తప్ప ఇందులోనూ వేరే సూత్రం లేదు.

కిట్ల కథ

సింథసైజర్ చరిత్ర కిట్లతోనే ముడిపడి ఉంది. 1934లో న్యూయార్క్‌లో పుట్టిన మోగ్ పద్నాలుగో ఏటనే థెరిమిన్ కట్టాడు. చేతులు గాలిలో ఆడిస్తే పలికే ఆ వాద్యానికీ మెట్లు లేవు. 1961లో 'ఎలక్ట్రానిక్స్ వరల్డ్' పత్రికలో ట్రాన్సిస్టర్ థెరిమిన్ గురించి రాసి, కిట్లు తయారుచేసి అమ్మితే సుమారు వెయ్యి అమ్ముడుపోయాయి. 1964లో సంగీతకర్త హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి వోల్టేజీ నియంత్రణ మాడ్యూళ్లు రూపొందించాడు.

ఐదేళ్లకే అవి మన దేశం చేరాయి. 1969లో అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో అమెరికన్ సంగీతకర్త డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజర్‌తో స్టూడియో ఏర్పాటు చేశాడు. వెనక నిలిచినవారు గీతా సారాభాయ్, ఆమె కుటుంబం. ఆమె పఖావజ్ విద్వాంసురాలు, 1946లో సంగీతకర్త జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పిన మనిషి. ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జినరాజ్ జోషీపురా లాంటివాళ్లు 1972 వరకు అక్కడ టేపుల మీద ఎలక్ట్రానిక్ సంగీతం సృష్టించారు. దశాబ్దాలు మరుగున పడిన ఆ టేపులను సంగీతకారుడు పాల్ పర్గాస్ వెలికితీయగా, అవి 2023లో సంకలనంగా విడుదలయ్యాయి.

బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో పది రాగాలను డిస్కో లయ మీద రికార్డు చేశాడు. మీండ్, అంటే హిందుస్థానీ జారు గమకం కోసం ఆయన ఆధారపడింది రోలాండ్ టీబీ-303 లాంటి అనలాగ్ వాద్యాల జారు మీదే. అప్పట్లో ఆ రికార్డును పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2010లో పునర్విడుదలయ్యాక ప్రపంచం చెవి ఒగ్గింది.

తెలుగు ఇళ్లలోకి ఆసిలేటర్ వేరే దారిలో వచ్చింది. విమాన కర్మాగారంలో ఇంజనీరుగా పనిచేసిన వేణు విద్వాంసుడు జి. రాజ్ నారాయణ్ బెంగళూరులో 1979లో రాడెల్ సంస్థను మొదలుపెట్టి ఎలక్ట్రానిక్ తంబురాలు తయారుచేశారు. సంగీతం నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో కనిపించే ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె మనవాళ్లు రోజూ చేతబట్టే ఎలక్ట్రానిక్ నాదయంత్రమే.

ఇటీవల కిట్లు కట్టేవాళ్లలో రే విల్సన్ ప్రచురించిన సర్క్యూట్లు, 2013లో ఆయన రాసిన పుస్తకం ఎందరికో తొలి గురువులయ్యాయి. ఫ్రాన్స్‌లో ఎమిలీ జిలే 2010 ప్రాంతంలో తెచ్చిన కిట్ పేరు శ్రుతి-1. అందులో ఆసిలేటర్ డిజిటల్, ఫిల్టరు అనలాగ్. సర్క్యూట్ పటాలన్నీ ఆమె అందరికీ తెరిచి ఉంచారు.

మొదలుపెట్టాలంటే

పెద్ద కిట్‌కు ముందు చిన్న సర్క్యూట్ ఒకటి కట్టి చూడటం మంచిది. సీడీ40106 అనే ఐసీలో ఆరు గేట్లుంటాయి. ఒక గేటుకు 100 కిలోఓమ్ రెసిస్టరు, 10 నానోఫారడ్ కెపాసిటర్ కలిపితే వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల పలికే ఆసిలేటర్ తయారవుతుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ చాలు. వాడని గేట్ల ఇన్‌పుట్లను గ్రౌండుకు కలపాలి. బయటికొచ్చే సిగ్నల్‌ను 100 కిలోఓమ్, 10 కిలోఓమ్ రెసిస్టర్లతో పదకొండో వంతుకు తగ్గించాకే యాంప్లిఫయర్‌కు ఇవ్వాలి. ఆ తర్వాత గేటుకు కలిపిన 100 కిలోఓమ్ రెసిస్టరు తీసేసి, దాని చోట వెలుగును బట్టి నిరోధం మారే ఎల్డీఆర్ పెట్టి చూడండి. చేతి నీడ ఆడిస్తే నాదం ఎక్కుతూ దిగుతూ జారిపోతుంది. మెట్లు లేని స్వరాన్ని పిల్లలకు చూపించటానికి ఇది చాలు. ఇంటి 230 వోల్టుల కరెంటుతో నేరుగా పనిచేసే సర్క్యూట్ల జోలికి మాత్రం పోకూడదు. బ్యాటరీ గానీ, మంచి అడాప్టరు గానీ వాడాలి.

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఈ భాగాలన్నీ చిల్లరగా దొరుకుతాయి. ముమ్మిడివరానికి పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు. తెలుగులో తయారీ పుస్తకాలే కరువు. భాభా అణు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తగా పనిచేస్తూ సితార్ వాయించిన కొడవటిగంటి రోహిణీప్రసాద్ సంగీతం గురించీ సైన్సు గురించీ తెలుగులో విరివిగా రాశారు. ఆ బాటలో సర్క్యూట్ పటం పక్కన తెలుగులో వివరణ రాసేవాళ్లు రావాలి. పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కళాశాలల ఎలక్ట్రానిక్స్ అధ్యాపకులు స్థానిక సంగీత ఉపాధ్యాయులను ఒక్కసారి లేబొరేటరీకి పిలవాలి. ఒకరికి వోల్టేజీ తెలుసు, మరొకరికి గాంధారం తెలుసు. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటే కర్ణాటక రాగాలకు సరిపడే కిట్‌ను మనమే రూపొందించుకోవచ్చు. ఈ వేసవి సెలవుల్లోనే ఆ పని మొదలుపెట్టండి.